తెలియని మనిషి కళ్ళముందు కూలిపోతే మన బాధ్యత ఏమిటి? బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురం తెలుగు వీధుల్లో ప్రథమ చికిత్స నేర్పడానికి కూర్చున్న ప్రతిసారీ జనం అడిగే ప్రశ్నలివి. కొన్ని పర్లాకిమిడి నుంచీ, రాయగడ నుంచీ ఫోన్లో వచ్చినవి. జవాబులు వీలైనంత సూటిగా రాశాను. ఇది చదివితే డాక్టరు అయిపోరు. డాక్టరు వచ్చేదాకా మనిషిని నిలబెట్టడానికి మాత్రం పనికొస్తుంది.

దారిన పోతుంటే ఎవరో పడిపోయారు. ఆగి చూడాలని చట్టం ఏమైనా చెబుతోందా?

దారిన పోయేవాడు ఆగి తీరాలని మన దేశంలో సాధారణ చట్టం ఏదీ లేదు. ఆగకపోతే శిక్ష పడదు. బండి నడిపేవారి సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం, తన బండి వల్ల దెబ్బ తగిలిన మనిషికి వైద్యం అందేలా చూడడం డ్రైవరు విధి. జనం మీదపడి కొట్టే పరిస్థితో, తన చేతిలో లేని ఇంకో కారణమో ఉంటే తప్ప దాన్నుంచి తప్పించుకోవడానికి లేదు.

చట్టం అడగలేదు కాబట్టి బాధ్యత లేదనుకోవడం మాత్రం నేను ఒప్పుకోను. గుండె ఆగిన మనిషి మెదడు నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. ఎంత మంచి అంబులెన్సు అయినా, గిరి రోడ్డు ట్రాఫిక్ దాటుకుని ఆ లోపల రావడం కష్టం. ఆ నిమిషాల్లో ఆ మనిషికి పక్కన నిలబడ్డవాళ్ళు తప్ప ఇంకెవరూ లేరు. బాధ్యత అంటే నాకు తెలిసిన అర్థం అదే.

చుట్టూ అంతమంది ఉన్నారు. ఎవరో ఒకరు చూస్తారు కదా?

అక్కడున్న ప్రతివాళ్ళూ ఇదే అనుకుంటారు. ఎవరూ కదలకపోవడానికి కారణమూ ఇదే. 1968లో జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. పక్క గదిలో ఒకతనికి మూర్ఛ వచ్చినట్టు మైకులో వినిపించారు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్ళలో నూటికి 85 మంది సాయానికి బయలుదేరారు. తనతోపాటు ఇంకో నలుగురు వింటున్నారనుకున్నప్పుడు కదిలింది 31 మందే. వాళ్ళు రాతిగుండెల వాళ్ళేం కాదు. చాలామంది చెమటలు పడుతూ, చేతులు వణుకుతూ కూర్చుండిపోయారు. భారం ఐదుగురి మీద పంచుకుపోయి, ఒక్కరికీ తగినంత బరువు అనిపించలేదు.

మా ఊరి స్టేషనులో నేనొకసారి చూశాను. అప్పడాల కట్ట చంకన పెట్టుకున్న పెద్దాయన ప్లాట్‌ఫారం మీద మోకాళ్ళ మీద కూలబడి, మెల్లగా పక్కకి ఒరిగిపోయారు. కట్ట తాడు తెగి అప్పడాలు చెదిరిపోతే నలుగురు వంగి ఏరడం మొదలుపెట్టారు. మంచి మనసుతోనే ఏరారు. ఆయన మొహం వైపు ఎవరూ చూడలేదు. కాలేజీ పిల్ల ఒకతె వచ్చి, "అప్పడాలు ఉండనివ్వండి బాబూ, ఊపిరాడుతోందా చూడండి ముందు" అని గట్టిగా అనేసరికి గుంపంతా ఒక్కసారి కదిలింది. ఒకరు ఫోను తీశారు, ఒకరు రైల్వే పోలీసు కోసం పరిగెత్తారు. అప్పటిదాకా నిలబడి చూసినవాళ్ళే వీళ్ళంతా.

అందుకే గాల్లోకి "ఎవరైనా అంబులెన్సుకి చెయ్యండి" అనకండి. ఒక మనిషిని చూసి, వేలు పెట్టి చెప్పండి: "ఓ నీలం చొక్కా అన్నయ్యా, మీరు 108కి చెయ్యండి. చేసి నాకు చెప్పండి." "అమ్మా, మీరు ఈ జనాన్ని కాస్త వెనక్కి పంపండి." పేరు పెట్టి పిలిచినట్టు పిలిస్తే మనిషి కాదనలేడు.

దగ్గరికి వెళ్ళాక మొట్టమొదట ఏం చూడాలి?

మీకు ప్రమాదం లేదని ముందు చూసుకోండి. తెగిన కరెంటు తీగ పక్కన ఉంటే మనిషిని ముట్టుకోకుండా ముందు సరఫరా ఆపించాలి. రోడ్డు మధ్యలో అయితే వచ్చే బళ్ళని ఎవరో ఒకరు ఆపాలి.

తర్వాత రెండు భుజాలూ తట్టి గట్టిగా పిలవండి. పలక్కపోతే ఛాతీ లేచి పడుతోందా అని చూడండి, పది సెకన్లకు మించొద్దు. ఇక్కడ చాలామంది మోసపోయేది ఒక విషయంలో. గుండె ఆగిన కొత్తలో కొందరు నోరు తెరిచి, అప్పుడొకటీ అప్పుడొకటీ, గురక లాంటి ఎగశ్వాస తీస్తారు. "ఊపిరి ఉంది, ఉంది" అని జనం ఊరుకుంటారు. అది ఊపిరి కిందకి రాదు. పలకని మనిషి మామూలుగా ఊపిరి తీయకపోతే గుండె ఆగినట్టే అనుకుని ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. నాడి కోసం వెతుకుతూ కూర్చోవద్దు, అలవాటు లేని చేతికి అది సరిగా దొరకదు.

ఊపిరి బాగానే ఉండి స్పృహ మాత్రం లేకపోతే, దెబ్బలేవీ తగల్లేదనుకుంటే, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. వాంతి అయినా గొంతులోకి పోదు.

నాకు సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి చేసే సాయం) రాదు. రానివాడు ముట్టుకుంటే ఇంకా ప్రమాదం కదా?

ఊపిరి లేని మనిషిని అలాగే వదిలేయడం కంటే పెద్ద ప్రమాదం ఏదీ లేదు. ఏమీ చెయ్యకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది వంతుల చొప్పున పడిపోతుందని వైద్యులు లెక్క చెబుతారు.

నోట్లో నోరు పెట్టి ఊదాలేమోనన్న జంకుతో చాలామంది వెనక్కి తగ్గుతారు. నేర్చుకోనివారు ఊదక్కర్లేదు. మామూలు జనం కోసం 2017లో భారత పునరుజ్జీవన మండలి వైద్యులు ఇచ్చిన పద్ధతిలో ఛాతీ నొక్కడమే ఉంది. మంచం మీదో బల్ల మీదో ఉంటే గట్టి నేల మీదకి దించి వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ నడిమధ్య, రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, భుజాలు సరిగ్గా పైన ఉండేలా వంగి నొక్కండి. పెద్దవాళ్ళకి ఐదు సెంటీమీటర్ల లోతు దిగాలి, ఆరు దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంటే సెకనుకి దాదాపు రెండు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. మధ్యలో ఆగి "లేచాడా" అని చూడకండి. అంబులెన్సు వాళ్ళు చేతిలోకి తీసుకునేదాకానో, మనిషి కదిలేదాకానో సాగాలి.

రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి. అందుకే పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టుకుని, చూసి నేర్చుకోమని, రెండేసి నిమిషాలకి మార్చుకోండి. ఈ పద్ధతిని లోకానికి చెప్పింది 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు. దీనికి కావలసింది రెండు చేతులే అని వాళ్ళు అప్పుడే రాశారు.

ఎముక విరిగితే? గుండె ఆగలేదేమో, నేనే పొరపాటు పడ్డానేమో?

పక్కటెముక విరగడం జరుగుతుంది, ముఖ్యంగా పెద్ద వయసు వాళ్ళకి. విరిగినా ఆపొద్దు. ఎముక అతుక్కుంటుంది. గుండె నడుస్తున్న మనిషిని పొరపాటున నొక్కితే అతను మూలుగుతాడు, చెయ్యి తోసేస్తాడు, అప్పుడు ఆపండి. దానివల్ల జరిగే నష్టం తక్కువ.

108కి చేస్తే ఒడియాలో మాట్లాడతారు. నాకు సరిగ్గా రాదు.

ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి ఈ ఇబ్బంది లేదు. ఇచ్ఛాపురం నుంచో శ్రీకాకుళం నుంచో పనిమీద వచ్చినవాళ్ళకీ, పెళ్ళయి కొత్తగా వచ్చిన ఆడపిల్లలకీ ఉంటుంది. ఈ మాటలు ఫోన్లో రాసి ఉంచుకోండి: "జణే లోక తళే పడి జాఇఛంతి. నిశ్వాస నేఉ నాహాంతి. ఆంబులాన్స్ పఠాంతు." ఒక మనిషి కింద పడిపోయారు, ఊపిరి తీయడం లేదు, అంబులెన్సు పంపండి అని. హిందీలో చెప్పినా పని జరుగుతుంది. ఇంకా మేలైన దారి, పక్కనున్న ఒడియావారి చేతిలో ఫోను పెట్టి "భాయీ, మీరు చెప్పండి" అనడం.

సరిహద్దు ఊళ్ళకి ఇంకో జాగ్రత్త. ఆంధ్రాలోనూ ఒడిశాలోనూ 108 ఒకటే నంబరు. మీ ఫోను గట్టు అవతలి టవరు పట్టుకుని ఉంటే కాలు అటు కేంద్రానికి పోవచ్చు. అందుకే ఫోను ఎత్తగానే రాష్ట్రం, జిల్లా, ఊరు, పక్కనున్న గుడో బడో పెట్రోలు బంకో, ఈ వరసలో చెప్పండి. 112 దేశమంతా పనిచేసే అత్యవసర నంబరు. రైల్లోనో స్టేషనులోనో అయితే 139. ఫోను స్పీకరు మీద పెట్టి పక్కన ఉంచండి. అవతలివాళ్ళు ఏం చెయ్యాలో చెబుతుంటే చేతులు ఖాళీగా ఉంటాయి.

తాగి పడిపోయినవాణ్ణి కూడా చూడాలా?

తాగాడని మీకెలా తెలుసు? సారా దుకాణం ఎదురుగానో, జీలుగు కల్లు అమ్మే సంతలోనో పడ్డాడు కాబట్టి అనేస్తాం. షుగరు డౌనయిన మనిషి కూడా తూలుతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, చెమటలు పోసి ఒరిగిపోతాడు. పక్షవాతం వచ్చిన మనిషి మాట ముద్దముద్దగా వస్తుంది. తలకి దెబ్బ తగిలినవాడూ అంతే. మూతి ఒక పక్కకి పోయిందా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారిపోతోందా, మాట తేడాగా ఉందా, ఈ మూడూ చూడండి. ఒక్కటి కనిపించినా అది ఎప్పుడు మొదలైందో గుర్తుపెట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. రక్తపు గడ్డని కరిగించే మందు నాలుగున్నర గంటల లోపలే ఇస్తారు. ముందు దగ్గర్లో ఉన్న చిన్న నర్సింగ్ హోము, అక్కడినుంచి ఇంకోచోటు అని తిప్పితే ఆ టైము దారిలోనే అయిపోతుంది.

నిజంగా తాగే పడిపోయినా, వెల్లకిలా ఉండి వాంతి చేసుకుంటే ప్రాణం పోతుంది. పక్కకి తిప్పండి. మనిషిని తూచి సాయం చేసే పని మనకొద్దు.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టాలంటారు, ఉల్లిపాయ వాసన చూపించాలంటారు.

రెండూ పనిచేయవు. ఇనుము, చెప్పు, ఉల్లిపాయ, ఏదీ వద్దు. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. ఆ ఆగడాన్ని చూసి తాళాలు పనిచేశాయనుకుంటాం. పళ్ళ మధ్య చెంచా పెట్టకండి, పళ్ళు విరిగి గొంతులో పడతాయి. కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోకండి. తల కింద కండువా మడిచి పెట్టి, చుట్టుపక్కల రాళ్ళూ బల్లలూ జరిపి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి మెలకువ రాకుండానే ఇంకొకటి వచ్చినా, గర్భిణి అయినా 108. ఆగాక పక్కకి తిప్పి, తెలివి వచ్చేదాకా దగ్గర కూర్చోండి. చాలామంది బట్టల్లోనే మూత్రం పోసుకుంటారు. తెలివి వచ్చాక మొదట కలిగేది సిగ్గు. ఒక తుండు కప్పి ఉంచండి.

ఠాకురాణి జాత్రలో పడిపోతే అమ్మవారు పూనిందంటారు. ముట్టుకుంటే కోపగించుకుంటారు కదా?

ఇది బరంపురం వాళ్ళు తప్పకుండా అడుగుతారు, అడగాల్సిందే. రెండేళ్ళకోసారి చైత్రమాసంలో వచ్చే బూఢీ ఠాకురాణి జాత్రలో, రాత్రిపూట ఘటాల వెంట వీధులు కిక్కిరిసిపోతాయి. మొక్కు కోసం వేషాలు కట్టినవాళ్ళు రంగు పూసుకుని, బరువైన బట్టలు కట్టుకుని గంటల తరబడి తిరుగుతారు. అమ్మవారి మీద నాకూ భక్తి ఉంది. పూనకాన్ని గురించి అక్కడ వాదన పెట్టుకోవద్దు. చెయ్యాల్సింది ఒక్కటే, దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టి, ఛాతీ లేచి పడుతోందా అని చూడడం. పూనిన మనిషి ఊపిరి గట్టిగా, స్పష్టంగా కనిపిస్తుంది. ఊపిరి లేని మనిషి ముందు హారతి తిప్పుతూ నిలబడితే అమ్మవారు కూడా ఒప్పుకోదు. "అమ్మకి గాలి ఆడనివ్వండి, వెనక్కి జరగండి" అంటే ఎవరూ ఎదురు చెప్పరు. ఆ మాటతో చోటు దొరుకుతుంది. దొరికాక మీరు చూడాల్సింది చూడొచ్చు.

ఎండదెబ్బకీ మామూలుగా కళ్ళు తిరగడానికీ తేడా ఎలా తెలుస్తుంది?

కళ్ళు తిరిగి పడినవాళ్ళని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తితే ఒకటి రెండు నిమిషాల్లో తెలివి వస్తుంది, మాట సరిగా వస్తుంది. లేపి కూర్చోబెట్టే తొందర వద్దు, మళ్ళీ పడతారు. ఎండదెబ్బ తగిలిన మనిషి ఒళ్ళు నిప్పులా కాలుతుంది, మాట తడబడుతుంది, పిచ్చిగా మాట్లాడొచ్చు, స్పృహ పోవచ్చు. చెమట ఉండొచ్చు, లేకపోనూవచ్చు.

1998 ఎండాకాలంలో ఒడిశాలో వడగాడ్పులకి 2000 మందికి పైగా పోయారు. అప్పట్నించీ ఇక్కడి పెద్దవాళ్ళకి ఆ భయం తెలుసు. చెయ్యాల్సింది: నీడకి చేర్చి, పైబట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి గట్టిగా విసరడం. సోడా బండి దగ్గరుంటే ఐసు అడిగి గుడ్డలో చుట్టి మెడ పక్కనా, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా చల్లబరచాలి. పారాసిటమాల్ ఇక్కడ పనికిరాదు.

నీళ్ళు పట్టొచ్చా?

పూర్తి తెలివి ఉండి, తన చేత్తో గ్లాసు పట్టుకోగలిగితేనే. స్పృహ లేని నోట్లో చుక్క కూడా పొయ్యొద్దు. సోడా, కాఫీ, గ్లూకోజు, ఏదైనా ఇదే మాట. షుగరు ఉన్నవాళ్ళు తెలివిలో ఉండి వణుకుతుంటే పంచదారో తీపి టీయో ఇవ్వండి.

పడిపోయింది ఆడమనిషి. మగవాడు ఛాతీ మీద చెయ్యి వేస్తే జనం ఊరుకుంటారా?

ఈ భయం అబద్ధం కాదు. ఆ భయం వల్ల ఆడవాళ్ళకి సాయం ఆలస్యం కావడమూ నిజమే. నోటితో చెబుతూ చెయ్యండి: "ఊపిరి లేదు, గుండె నొక్కుతున్నాను, అమ్మా మీరు ఇటు రండి, చీర అడ్డం పట్టండి." చుట్టూ ఉన్న ఆడవాళ్ళని నలుగురిని వీపు లోపలికి పెట్టి నిలబడమంటే తెర కట్టినట్టు అవుతుంది. జాకెట్టు విప్పక్కర్లేదు, బట్టల మీదనుంచే నొక్కొచ్చు. ఎవరైనా ఆడవాళ్ళు చేస్తామని వస్తే చేతులు ఎక్కడ పెట్టాలో చూపించి అప్పగించండి. ఎవరూ రాకపోతే ఆగకండి. ఆడపిల్లలారా, మీరు ముందుకి రావడమే దీనికి అసలైన జవాబు. మా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో పద్ధతిగా నొక్కేది ఎక్కువగా మీరే.

పోలీసులు స్టేషనుకి తిప్పుతారని భయం. సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామా?

రోడ్డు ప్రమాదాల వరకు చట్టం ఇప్పుడు స్పష్టంగా మీ పక్షాన ఉంది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, సాయం చేసేవారి రక్షణకి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు దేశమంతా అమలు కావాలని చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను చేర్చారు, 2020లో నియమాలు వచ్చాయి. మీ పేరు, చిరునామా, ఫోను నంబరు ఇమ్మని పోలీసులు గానీ ఆసుపత్రి గానీ బలవంతం చెయ్యకూడదు. ఇష్టమైతేనే సాక్షి అవుతారు. సద్బుద్ధితో చేసిన సాయంలో పొరపాటు జరిగినా, మనిషి చనిపోయినా, మీ మీద సివిలు, క్రిమినలు బాధ్యత ఉండదు. గాయపడినవారిని మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చినవారికి కేంద్రం ఇచ్చే బహుమతిని 2025లో 5,000 నుంచి 25,000 రూపాయలకి పెంచారు.

అయితే ఈ సెక్షను మోటారు వాహన ప్రమాదాలకే. సంతలో గుండె ఆగి పడిపోయిన మనిషి దీని కిందకి రాడు. అక్కడ భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షను ఉంది. అనుమతి చెప్పలేని స్థితిలో ఉన్న మనిషి మేలు కోసం సద్బుద్ధితో చేసిన పనిలో హాని జరిగినా అది నేరం కాదంటుంది. పాత శిక్షాస్మృతిలో ఇదే 92వ సెక్షను.

చట్టం పుస్తకంలో ఉన్నంత సాఫీగా గేటు దగ్గర జరగకపోవచ్చు. ఒకచోట నన్ను "మీరేమవుతారు" అని మూడుసార్లు అడిగారు. "ఏమీ కాను, దారిలో చూశాను, తీసుకొచ్చాను" అనే మాట మీద నిలబడండి. గొంతు పెంచకండి.

ఆసుపత్రిలో డబ్బు ఎవరు కడతారు?

108 ఉచితం. ప్రాణాపాయంలో ఉన్నవారికి ముందు వైద్యం, తర్వాతే పోలీసు కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. రోడ్డు ప్రమాదమైతే, 2025 పథకం కింద పథకంలో చేరిన ఆసుపత్రుల్లో ఏడు రోజులదాకా లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం ఉంటుంది. తీసుకొచ్చినవారు కట్టనక్కర్లేదు. ఈ చుట్టుపక్కలకి పెద్ద దిక్కు బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, కోరాపుట్ వైపు వాళ్ళకి అక్కడి మెడికల్ కాలేజీ.

గోపాలపూర్ సముద్రంలో మునిగి తీసినవాళ్ళకి కూడా ఛాతీ నొక్కడమేనా?

మునిగినవాళ్ళకి గాలి కూడా కావాలి. ఊపిరి ఊదడం నేర్చుకున్నవాళ్ళు ముందు ఊది, తర్వాత ముప్పై నొక్కులకి రెండు ఊపిరుల చొప్పున చెయ్యాలి. రానివాళ్ళు నొక్కడమైనా మొదలుపెట్టాలి. కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం, కాళ్ళు పట్టి తిప్పడం వద్దు. ఈత రానివాళ్ళు కాపాడాలని అలల్లోకి దూకకండి. తాడో, ఖాళీ డబ్బానో, చీరో విసరండి. పల్లెకారులు దగ్గరుంటే కేకెయ్యండి.

వీడియో తీస్తే తర్వాత సాక్ష్యంగా పనికొస్తుంది కదా?

ఫోను పట్టిన ఆ చెయ్యి అక్కడ కావాలి. ఆ మనిషి బిడ్డ ఆ వీడియోని వాట్సాప్‌లో మొదట చూడాల్సి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. తియ్యకండి, తీసేవాళ్ళకి చెప్పండి.

అంబులెన్సు వచ్చేసింది. నేను వెళ్ళిపోవచ్చా?

వెళ్ళొచ్చు. వెళ్ళేముందు ఎప్పుడు పడిపోయారు, ఎంతసేపు నొక్కారు, ఫిట్స్ వచ్చాయా, ఏమైనా తాగించారా, ఈ నాలుగూ చెప్పండి. పర్సు, ఫోను, సంచీ పదిమంది ముందు అంబులెన్సు సిబ్బందికో పోలీసుకో అప్పగించండి. తాళం వేసి ఉన్న ఫోనుకి ఇంటినుంచి కాలు వస్తే ఎత్తి, నెమ్మదిగా, "అమ్మా, మీవాళ్ళకి ఒంట్లో బాగోలేదు, ఫలానా ఆసుపత్రికి తీసుకెళ్ళారు, మీరు ఒక్కరే రాకండి, ఎవరినైనా తోడు తెచ్చుకోండి" అని చెప్పండి. బతికున్నారా అని అడిగితే డాక్టర్లు చూస్తున్నారనండి. మరణవార్త చెప్పే పని మీది కాదు.

అన్నీ చేశాను. అయినా ఆయన చనిపోయారు. ఆ రాత్రినుంచి నిద్ర లేదు.

పర్లాకిమిడి నుంచి ఒక తమ్ముడు ఇది అడిగాడు. నాయనా, బయట గుండె ఆగినవాళ్ళలో ఎక్కువమంది, మంచి వైద్యం అందే దేశాల్లో కూడా, దక్కరు. నువ్వు నొక్కడం వల్ల ఆయన పోలేదు. గుండె అప్పటికే ఆగింది. చేతుల కింద ఆ స్పర్శ కొన్నాళ్ళు గుర్తొస్తుంది. ఇంట్లో ఎవరితోనైనా మొదటినుంచి చివరిదాకా చెప్పు, ఒకసారి కాదు, కావలసినన్నిసార్లు. వారాలు గడిచినా నిద్ర పట్టకపోతే, పని చెయ్యబుద్ధి కాకపోతే, మనసు బాగోలేనివాళ్ళకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీమానస్ నంబరు 14416కి చెయ్యి, ఉచితం. ఆయన తెలియనివాళ్ళ మధ్య ఒంటరిగా పోలేదు, నువ్వున్నావు. ఆ ఇంటివాళ్ళకి అది తెలిస్తే ఎంతో ఊరట.

నేనే పడిపోతే?

ఫోను తాళం తియ్యకుండానే కనిపించే అత్యవసర సమాచారంలో ఇంటివాళ్ళ నంబరు, మీకున్న జబ్బు, వాడే మందులు, పడని మందులు పెట్టండి. షుగరు, ఫిట్స్, గుండె జబ్బు ఉన్నవాళ్ళు అదే ఒక చీటీ మీద రాసి పర్సులో పైకి కనిపించేలా ఉంచుకోండి. తెలుగులో మాత్రమే రాస్తే రాయగడ దాటాక చదివేవారు దొరకరు, ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ కూడా రాయించుకోండి. బడికి వెళ్ళే పిల్లలుంటే వాళ్ళ చేతే రాయించండి.